ధారావాహికల అన్వేషణ

వారపత్రిక ఇంటికి రాగానే అందులోని ధారావాహిక పుటలను జాగ్రత్తగా విడదీసి, వరుస తప్పకుండా పేర్చి, కథ ముగిసిన తరువాత బైండు చేయించి దాచుకొనే అలవాటు ఒకప్పుడు తెలుగునాట అనేక కుటుంబాలలో ఉండేది. సుమారుగా 1950 నుండి 1990 వరకు ఈ అలవాటు బలంగా సాగింది. బైండరు దబ్బనంతో రంధ్రాలు పొడిచి, దారంతో కుట్టి, మైదా జిగురుతో అట్టలు అతికి, వెన్నుకు కాలికో గుడ్డ వేసేవాడు. అట్టమీద ఇంటివారే సిరాతో నవల పేరు రాసుకొనేవారు. ఇట్లా తయారైన పుస్తకానికి ప్రచురణకర్త లేడు, ధర లేదు, ముఖపత్రం లేదు, ముద్రణ సంవత్సరం లేదు. ఏ గ్రంథాలయ పట్టికలోను దానికి చోటు దొరకదు. అయినప్పటికీ ఆనాటి తెలుగు పాఠకులు చదివిన కథను వారు చదివిన రూపంలోనే చూడవలెనంటే నేడు మనకు మిగిలిన ఆధారాలలో ఇది ముఖ్యమైనది. అచ్చైన నవలలో లేనివి ఇందులో ఎన్నో ఉంటాయి.

ధారావాహిక అంటే తెంపులేని ధారవలె సాగేది అని అర్థం. ఆచరణలో మాత్రం అది తెంపుల మీదనే ఆధారపడిన రచన. వారానికొక తెంపు, ప్రతి తెంపు దగ్గర ఒక ఉత్కంఠ, చివరన కుండలీకరణాలలో ‘సశేషం’ లేదా ‘ఇంకా ఉంది’ అనే మాట. ప్రాచీన కావ్యాలలోనూ విభాగాలు ఉన్నాయి. అయితే ఆశ్వాసం ముగిసేచోట కవి తన పేరును, తండ్రి పేరును, బిరుదులను గద్యంలో చెప్పుకొని, వచ్చిన కథను ఒక గట్టుకు చేర్చి ఆపుతాడు. ధారావాహిక రచయిత కథను గట్టుకు చేరనీయడు. పాత్ర చేయి తలుపు గడియ మీద ఉండగానే వారం ముగుస్తుంది. రాత్రుళ్ళు పురాణ కాలక్షేపం చేసే పౌరాణికుడు సరిగ్గా యుద్ధం మొదలయ్యే చోట పుస్తకం మూసి మంగళం పాడటంలో ఉన్న నేర్పు ఇక్కడ పత్రికకు సంక్రమించిందని చెప్పవచ్చు. తెలుగు నవల పుట్టుకలోనే ఈ లక్షణం ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు తన రాజశేఖర చరిత్రమును మొదట 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో భాగాలుగా ప్రకటించిన తరువాతనే గ్రంథంగా వెలువరించాడు.

స్వాతంత్ర్యానంతరం వారపత్రికలు, మాసపత్రికలు విస్తరించడంతో ధారావాహికకు మంచి రోజులు వచ్చాయి. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, యువ, జ్యోతి వంటి మాసపత్రికలు నవలలను పోటీపడి ప్రచురించాయి. వాటిలో ఎక్కువ భాగం కుటుంబ కథలు. పెళ్ళి కుదరడం, కుదిరిన పెళ్ళి చెడిపోవడం, ఉమ్మడి కుటుంబంలో కలతలు, ఉద్యోగం చేసే స్త్రీకి ఎదురయ్యే మాటలు, అపార్థంతో విడిపోయిన దంపతులు వాటి వస్తువులు. ముప్పాళ్ళ రంగనాయకమ్మ ‘బలిపీఠం’ ఆంధ్రప్రభ వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960ల మధ్యకాలంలో జ్యోతి మాసపత్రికలో వచ్చింది. మొదటిది 1975లోను, రెండవది 1976లోను చలనచిత్రాలయ్యాయి. పండితులు ఈ నవలలను చాలాకాలం చిన్నచూపు చూశారు. అది న్యాయమైన తీర్పు కాదు. పాఠశాల చదువుతో ఆగిపోయిన వేలాది గృహిణులకు చదివే అలవాటును నిలిపినవి ఈ కథలే. రాసినవారిలోను, చదివినవారిలోను స్త్రీలు ఇంత పెద్ద సంఖ్యలో కనిపించిన సాహిత్య శాఖ అంతకుముందు తెలుగులో లేదు.

ప్రతి భాగానికి ఒకటి రెండు బొమ్మలు తప్పనిసరిగా ఉండేవి. కథానాయిక కట్టుకున్న చీర అంచు, వాలుకుర్చీ, గోడమీది గడియారం, వరండా స్తంభం ఇవన్నీ పాఠకుల మనస్సులో ముద్రపడినవి చిత్రకారుని రేఖల వల్లనే. బాపు గీసిన బొమ్మ కోసమే ముందుగా పుట తిప్పిన పాఠకులు ఎందరో ఉన్నారు.

ఈ ప్రక్రియకు దూరపు బంధువు ఒకటి అమెరికా దినపత్రికలలో ఉన్నది. అక్కడ 1930ల నుండి రేడియోలో పగటిపూట కుటుంబ కథలు రోజువారీగా ప్రసారమయ్యేవి. ఇంటిపనిలో ఉన్న స్త్రీలే వాటి శ్రోతలు కనుక సబ్బుల కంపెనీలు వాటికి ధనసహాయం చేసి, మధ్యలో తమ ప్రకటనలు వినిపించుకొనేవి. అందువల్ల ఆ కథలకు ‘సోప్ ఒపేరా’ అనే పరిహాసపు పేరు స్థిరపడింది. ఆ కథనపద్ధతినే దినపత్రికలు బొమ్మల వరుసలలోకి తెచ్చాయి. వీటిని ‘కామిక్ స్ట్రిప్’ అని పిలిచినా వీటిలో హాస్యం తక్కువ. ఇతరుల సంసారాలను చక్కదిద్దే వయసు మళ్ళిన స్త్రీ కథ ‘మేరీ వర్త్’. నికొలస్ డాలిస్ అనే మానసిక వైద్యుడు 1948లో ‘రెక్స్ మోర్గన్’ అనే వైద్యుని కథను, 1952లో ‘జడ్జి పార్కర్’ అనే న్యాయమూర్తి కథను, 1961లో ఒకే ఇంట అద్దెకుండే ముగ్గురు యువతుల కథ ‘అపార్ట్‌మెంట్ 3-జి’ని ప్రారంభించాడు. ఈ చివరి కథ 2015 వరకు, అనగా అర్ధశతాబ్దానికి పైగా సాగింది. స్టాన్ డ్రేక్ బొమ్మలు గీసిన ‘ది హార్ట్ ఆఫ్ జూలియట్ జోన్స్’ 1953లోను, లెనార్డ్ స్టార్ సృష్టించిన ‘ఆన్ స్టేజ్’ 1957లోను మొదలయ్యాయి. రెండింటిలోను గీత అత్యంత సుకుమారమైనది. మనుషుల ముఖాలలోని సంకోచాన్ని, కన్నీటి తడిని నల్లసిరాతో చూపిన చిత్రకారులు వారు.

రోజుకు మూడు నాలుగు గళ్ళలో కథ నడపడం తేలికైన పని కాదు. మొదటి గడి నిన్నటి విషయాన్ని గుర్తుచేయాలి, మధ్య గడులు కథను ఒక అడుగు కదిలించాలి, చివరి గడి రేపటి పత్రిక కోసం పాఠకుని ఎదురుచూచేటట్లు చేయాలి. ఆదివారం రంగులలో పెద్ద పుట వచ్చేది. కొందరు పాఠకులు ఆదివారపు పత్రిక మాత్రమే కొంటారు, కొందరు మిగిలిన ఆరు రోజులే కొంటారు. ఎవరు చదివినా కథ తెగకూడదు కనుక శనివారం జరిగిన సంగతి ఆదివారం మరొక కోణంలో, సోమవారం ఇంకొక మాటలో తిరిగి వచ్చేది. ఆ వరుసలన్నీ ఒక పుస్తకంగా కూర్చి ఏకబిగిన చదివితే ఈ పునరుక్తి విసుగు కలిగిస్తుంది. తెలుగు ధారావాహికలో ‘జరిగిన కథ’ అనే శీర్షిక కింద పాతిక పంక్తులలో సంగ్రహం ఇచ్చే సంప్రదాయం ఉండటం వల్ల ఈ చిక్కు కొంత తప్పింది. ఆ సంగ్రహాన్ని తీసివేస్తే చాలు, అసలు కథ నిరాటంకంగా సాగుతుంది.

దినపత్రిక ఆయుష్షు ఒక్క పూట. మరునాటికి అది పొట్లం కట్టే కాగితం. అమెరికాలోనూ ఇదే పరిస్థితి. పెద్ద గ్రంథాలయాలు పాత పత్రికల సంపుటాలను మైక్రోఫిల్ముగా తీయించి, అసలు కాగితాలను వదిలించుకొన్నాయి. మైక్రోఫిల్ములో అక్షరం మిగిలింది గాని రంగు మిగలలేదు, సన్నని గీతలు చాలావరకు అలికిపోయాయి. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన బిల్ బ్లాక్‌బియర్డ్ అనే వ్యక్తి ఈ నష్టాన్ని గుర్తించాడు. వ్యక్తులకు పత్రికలు ఇవ్వడానికి గ్రంథాలయాల నియమాలు ఒప్పుకోవని తెలిసి, 1960ల చివర లాభాపేక్ష లేని ఒక సంస్థను నెలకొల్పి, దాని పేరున ఆ సంపుటాలను తెచ్చి తన ఇల్లంతా నింపుకొన్నాడు. బొమ్మల వరుసలను కత్తిరించి, తేదీల వారీగా వర్గీకరించాడు. ఆ కత్తిరింపుల సంఖ్య సుమారు 25 లక్షలని అంచనా. 1990ల చివర ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆ సేకరణను స్వీకరించినప్పుడు దానిని తరలించడానికి ఆరు పెద్ద ట్రక్కులు అవసరమయ్యాయి. 2000 తరువాత ఆ దేశంలో పాత బొమ్మల కథలు వరుస సంపుటాలుగా వెలువడటానికి ఇటువంటి సేకరణలు పునాది అయ్యాయి. ‘ఆన్ స్టేజ్’, ‘జూలియట్ జోన్స్’ కథలను క్లాసిక్ కామిక్స్ ప్రెస్ అనే చిన్న సంస్థ పుస్తకాలుగా తెచ్చింది. ఒక మనిషి ఇంటినిండా పేర్చుకొన్న చిత్తు కాగితాలు లేకపోతే ఒక దేశపు చిత్రకథా చరిత్ర మసకబారి ఉండేది.

తెలుగులో కుటుంబ కథను బొమ్మల వరుసలో చెప్పే సంప్రదాయం అంత బలంగా వేరూనలేదు. ఆ పనిని మాటలే చేశాయి, బొమ్మ తోడుగా నిలిచింది. అయినా బొమ్మ, మాట విడదీయరానంతగా కలిసిపోయిన ధారావాహికలు తెలుగులో లేకపోలేదు. ముళ్ళపూడి వెంకటరమణ రాయగా బాపు బొమ్మలు గీసిన ‘బుడుగు’ 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చింది. ఒక మధ్యతరగతి ఇంటి సంసారమంతా ఒక పిల్లవాని నోట వినిపించే ఆ రచన అనేక ముద్రణలు పొందింది. విశాలాంధ్ర ప్రచురణాలయం వారు వెలువరించిన ముళ్ళపూడి సాహితీ సర్వస్వంలో అది ‘బాలరమణీయం’ సంపుటిలో చేరింది. బొమ్మలు లేని బుడుగును ఊహించడం కష్టం. ప్రచురణకర్తలు ఆ సంగతి గ్రహించడం పాఠకుల అదృష్టం. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు బుజ్జాయి 1960లలో ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా’లో పంచతంత్ర కథలను బొమ్మల వరుసలుగా దేశమంతటికీ అందించాడు. ‘డుంబు’ అనే బాలుని బొమ్మలకథతో తెలుగు పాఠకులకు ఆప్తుడయ్యాడు. ఆయన 2023లో కన్నుమూశాడు.

చందమామ కథ వేరొక తీరు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన ఈ మాసపత్రికలో 1954లో ‘తోకచుక్క’ అనే ధారావాహిక మొదలైంది. ఆ తరువాత ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘మాయాసరోవరం’ వంటివి సుమారు పాతికేళ్ళు పిల్లలను, పెద్దలను ఊరించాయి. వీటిని రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం. ‘చిత్ర’ అనే పేరుతో టి.వి. రాఘవన్ బొమ్మలు వేశాడు. చిత్రకారుని సంతకం బొమ్మ మూలలో ఉండేది గాని, రచయిత పేరు పత్రికలో ఉండేది కాదు. యాభై ఏళ్ళకు పైగా ఆ కార్యాలయంలో పనిచేసిన రచయిత ఎవరో లక్షలాది పాఠకులకు తెలియదు. ఆయన 2010లో మరణించే నాటికి అభిమానుల పూనికవల్ల ఆ పేరు వెలుగులోకి వచ్చింది. తరువాత ఆయన రచనలు ఆయన పేరుతోనే పుస్తకాలయ్యాయి. రచయిత పేరు తెలియకపోతే పాత ధారావాహికను వెదకడం ఎంత కష్టమో ఈ ఉదాహరణ చెబుతుంది. గ్రంథాలయ పట్టిక రచయిత పేరుతో నడుస్తుంది. పాఠకుని జ్ఞాపకం కథానాయకుని పేరుతోను, బొమ్మతోను నడుస్తుంది. ఈ రెండూ కలుసుకొనే చోటు సులభంగా దొరకదు.

వారపత్రికలోని కథ పుస్తకమయ్యే క్రమంలో కొన్ని జారిపోతాయి. అన్నింటికంటే ముందు జారిపోయేది బొమ్మ. లోహపు అక్షరాలతో అచ్చువేసే కాలంలో ప్రతి బొమ్మకు జింకు రేకుమీద ఒక బ్లాకు తయారు చేయించవలసి ఉండేది. ఆ బ్లాకులు పత్రికవారి దగ్గర ఉండేవి. పుస్తక ప్రచురణకర్త వాటిని అడిగి తెచ్చుకోవాలి, లేదా కొత్తగా చేయించాలి. పైగా రచన మీది హక్కు రచయితది; బొమ్మ మీది హక్కు వేరు. రెండు మూడు రూపాయలకు అమ్మే పాకెట్ పుస్తకం ఆ భారాన్ని మోయలేదు. అందువల్ల ముఖచిత్రం ఒక్కటి రంగులలో వేసి, లోపలి బొమ్మలన్నింటిని వదిలివేయడం వాడుక అయింది. ఎమెస్కో వంటి సంస్థలు చౌక పుస్తకాలను ఇంటింటికి చేర్చి తెలుగు నవలకు గొప్ప మేలు చేశాయి. అద్దె పుస్తకాల దుకాణాలు వాటిని వీధి వీధికి తిప్పాయి. కాని ఆ మార్గాన పయనించిన కథలకు తోడుగా చిత్రకారులు రాలేదు. భాగాల విభజన కూడా చెరిగిపోయింది. ఏ వారం ఎక్కడ ఆగిందో తెలియకపోవడంతో రచయిత పన్నిన ఉత్కంఠ కొన్నిచోట్ల అకారణమైన కుదుపుగా మాత్రమే కనిపిస్తుంది. కొందరు రచయితలు పుస్తకం చేసేటప్పుడు కథను సవరించారు. కొందరు పాఠకుల ఉత్తరాల ఒత్తిడికి తలొగ్గి నడుమనే మార్గం మార్చుకొన్నారు. ఆ ఉత్తరాలు కూడా వారపత్రికలోనే మిగిలిపోయాయి.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి ఈ విషయంతో ఒక ప్రత్యేకమైన అనుబంధం ఉంది. 1960లలో రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్, 1980లలో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వచ్చాయి. వాటిచుట్టూ అనేక పరిశ్రమలు వెలిశాయి. ఉద్యోగరీత్యా కోస్తా జిల్లాల నుండి, రాయలసీమ నుండి, ఇతర తెలంగాణ జిల్లాల నుండి కుటుంబాలు తరలివచ్చి క్వార్టర్లలో స్థిరపడ్డాయి. మంచాలు, బీరువాలతోపాటు ట్రంకు పెట్టెలలో బైండు పుస్తకాలు కూడా వచ్చాయి. ఒక ఇంటి పుస్తకం పది ఇళ్ళు తిరిగి, అట్ట ఊడి తిరిగి వచ్చేది. పదవీ విరమణ తరువాత క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు చిక్కు వచ్చింది. చిన్న ఇంటికి మారేవారు, పిల్లల వెంట విదేశాలకు వెళ్ళేవారు పెట్టె తెరిచి చూసి, ‘ఇంక ఎవరు చదువుతారు?’ అనుకొని పాత పేపర్లవానిని పిలిచారు. కిలోల లెక్కన తూకం వేసిన కాగితం గుజ్జుగా మారి అట్టగా తిరిగివస్తుంది. ఇక్కడి మందుల కంపెనీలనుండి బయలుదేరే అట్టపెట్టెలో ఏ ధారావాహిక ఏ వారపు భాగం కలిసి ఉన్నదో ఎవరు చెప్పగలరు! 1995లో తెలుగు ప్రైవేటు టెలివిజన్ ఛానెళ్ళు వచ్చి రోజువారీ ధారావాహికలను ఇంటిలోనికే తెచ్చిన తరువాత ఈ తూకాలు మరింత పెరిగాయి. 2020లో కరోనా కాలంలో మరికొన్ని పత్రికల ముద్రణ ఆగిపోయింది.

ఇదే జిల్లాలోని జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగిందన్న సంగతి ఇక్కడ స్మరించదగినది. తెలుగు పత్రిక, తెలుగు గ్రంథాలయం ఊరూరా ఉండాలన్న ఆకాంక్ష ఆ ఉద్యమానికి ప్రాణం. పత్రికలను ఒకచోట చేర్చి పదిమంది చదువుకోవడమే అప్పట్లో ఒక సాహసకార్యం.

పాత ధారావాహికను వెదకదలచిన విద్యార్థి మొదట జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళడం సహజం. అక్కడ నవలల పుస్తకరూపాలు దొరికే అవకాశం ఎక్కువ, పత్రికల పాత సంపుటాలు దొరికే అవకాశం తక్కువ. సంగారెడ్డి నుండి సుమారు 60 కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాదులో మార్గాలు విస్తరిస్తాయి. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్‌బజారులో ఉంది. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో తెలుగు గ్రంథాలతోపాటు అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఒక వ్యక్తి జీవితకాలం కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు కూడా చేరాయి. 2000 ఆగస్టులో వచ్చిన వరదనీరు ఆ కేంద్రంలోని గ్రంథాలను ముంచెత్తింది. తడిసిన కాగితాలను ఆరబెట్టి కాపాడటానికి ఎంతో శ్రమ పడవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికల సంపుటాలకు ప్రసిద్ధి. 1918లో ప్రారంభమైన ఆ గ్రంథాలయానికి దూరప్రాంతాల నుండి పరిశోధకులు వచ్చి, రోజుల తరబడి కూర్చొని పాత సంచికలు తిరగేస్తారు. అంతర్జాలంలో ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటిచోట్ల తెలుగు గ్రంథాలు వేలసంఖ్యలో ఉన్నాయి. అయితే తెలుగు పేర్లను ఆంగ్లాక్షరాలలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాయడం వల్ల ఒకే పుస్తకానికి మూడు నాలుగు వర్ణక్రమాలతో ప్రయత్నించవలసి ఉంటుంది.

ఆదివారం ఆబిడ్స్ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాల అంగడి మరొక మార్గం. ఇంటి బైండు పుస్తకాలు బయటపడేది ఎక్కువగా ఇటువంటి చోటనే. అమ్మేవారికి వాటి విలువ తెలియకపోవచ్చు. తెలిస్తే ధర పెరుగుతుంది, తెలియకపోతే వాన చినుకులకు పుస్తకమే పోతుంది. రెండింటిలో మొదటిదే మేలు.

అట్లా దొరికిన బైండు పుస్తకంలో పత్రిక పేరు, తేదీ ఉన్న పుటలు సాధారణంగా ఉండవు. కథ ఉన్న పుటలను మాత్రమే చించి కుట్టారు కనుక కాలనిర్ణయం పాఠకుని బాధ్యత అవుతుంది. శాసనాలలో శకసంవత్సరం చెరిగిపోయినప్పుడు లిపిని, రాజుల పేర్లను పట్టి కాలాన్ని ఊహించినట్లే ఇక్కడా చేయాలి. కథ పుటకు వెనుకవైపున ఉన్న ప్రకటనలు, వార్తలు ఇందుకు బాగా తోడ్పడతాయి. ధరలు అణాలలో ఉంటే అది ప్రధానంగా 1957 ఏప్రిల్‌కు పూర్వపు సంచిక. ఆ నెల 1వ తేదీన దశాంశ నాణేలు వచ్చాయి. ‘నయాపైసలు’ అని ఉంటే 1957కు, 1964కు మధ్యకాలం. 1964 జూన్‌లో ‘నయా’ అనే మాటను తొలగించారు. అయితే జనవ్యవహారంలో అణా మరికొంతకాలం బతికింది కనుక ఒక్క ఆధారంతో తొందరపడరాదు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతిది. ‘మద్రాసు-17’ వలె ఊరి పేరు పక్కన ఒకటి రెండు అంకెలు మాత్రమే ఉంటే అంతకు ముందుదయ్యే అవకాశం హెచ్చు. సినిమా ప్రకటన దొరికితే పని మరింత సులువు. ‘మాయాబజార్’ విడుదల ప్రకటన కనిపిస్తే ఆ పుట 1957 మార్చి ప్రాంతానిదని చెప్పవచ్చు, ఎందుకంటే ఆ చిత్రం ఆ నెల 27న విడుదలైంది. కాగితాన్ని వేలితో తడిమి చూడటం కూడా ఒక పరీక్ష. లోహపు అక్షరాలు ఒత్తిన పుట వెనుక సన్నని ఎగుడుదిగుడులు చేతికి తగులుతాయి. ఆఫ్‌సెట్ ముద్రణలో పుట నునుపుగా ఉంటుంది.

కాలం తెలిసిన తరువాత పత్రికను గుర్తించడం, దాని సంపుటాన్ని గ్రంథాలయంలో అడిగి భాగాలను సరిచూడటం తరువాతి మెట్లు. ఇంటి బైండులో లోపాలు తప్పవు. పురిటికి పుట్టింటికి వెళ్ళిన నెలలో వచ్చిన సంచికలు ఉండవు. పొరుగువారు తీసుకుపోయి తిరిగి ఇవ్వని వారం ఉండదు. బైండరు అంచు కోసేటప్పుడు పంక్తుల చివరి అక్షరాలు తెగిపోయి ఉంటాయి. గ్రంథాలయ సంపుటంలో మరొక రకం లోపం ఉంటుంది. నచ్చిన బొమ్మను ఎవరో బ్లేడుతో కోసుకొనిపోయి ఉంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ఒకే కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులను తెప్పించి, పాఠాలను పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. ఒక ప్రతిలో పురుగు తిన్న పద్యం మరొక ప్రతిలో నిలిచి ఉండటం ఆయనకు ఎన్నోసార్లు ఎదురైన అనుభవమే. అరవై ఏళ్ళ నాటి వారపత్రిక నవలకు కూడా ఇప్పుడు అదే పద్ధతి అవసరమైంది. రామచంద్రాపురంలోని ఒక ఇంటి ప్రతిలో పద్నాలుగో వారం లేకపోవచ్చు, సదాశివపేటలోని మరొక ఇంటి ప్రతిలో మొదటి పది వారాలు చినిగిపోయి పద్నాలుగోది పదిలంగా ఉండవచ్చు. ఈ రెండు ప్రతులు ఒకే బల్లమీదికి చేరే లోగా వాటిలో ఏదో ఒకటి తూకానికి పోతుందా అన్నదే ప్రస్తుతం తేలవలసిన విషయం.